కుక్కపిల్ల శిక్షణకు పావుకిలో కార్జం చాలు

సంపాదకుడు గారికి,

కుక్కపిల్లకు ‘కూర్చో’, ‘ఆగు’, ‘రా’ నేర్పాలంటే మొదట్లో రోజుకు 40, 50 సార్లు దాని నోటికి ఏదో ఒకటి అందించాలి. ఇందుకు ప్యాకెట్లు కొనడం భారమై చాలామంది గ్లూకోజ్ బిస్కెట్ల మీద పడుతున్నారు. వాటిలో ఉన్నది మైదా, చక్కెర. వాసన అంతంతమాత్రం కాబట్టి వీధిలో ఇంకో కుక్క కనబడితే మన కుక్క ఆ బిస్కెట్టు వైపు తిరిగి కూడా చూడదు. చికెన్ కొట్టులో దొరికే కార్జం (లివర్) మాంసం కన్నా చౌక, దాని వాసనకు లొంగని కుక్క అరుదు. ఇంట్లో చేసుకునే పద్ధతి పాఠకుల కోసం రాస్తున్నాను.

కొట్లో లివర్, కందనకాయలు కలిపి తూస్తుంటారు. విడిగా లివరే అడగండి. కందనకాయ కొద్దిసేపు ఉడికితే సాగుతుంది, కుక్క దాన్ని నములుతూ కూర్చుంటే పాఠం అక్కడే ఆగిపోతుంది. పావుకిలో లివర్‌లో కొవ్వు, పిత్తం అంటి పచ్చబడిన భాగం తీసేసి కడిగి, మునిగేన్ని నీళ్లలో 10 నుంచి 12 నిమిషాలు ఉడికించాలి. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి ఏదీ వేయొద్దు. కోసి చూస్తే లోపల ఎర్రదనం కనిపించకూడదు. పచ్చిగా ఉంటే సాల్మొనెల్లా భయం కుక్కకే కాదు, దానితో ఆడుకునే పిల్లలకూ ఉంటుంది.

పూర్తిగా చల్లారాకే కోయాలి, వేడి మీద కోస్తే పొడిగా రాలిపోతుంది. ముక్క బటాణీ గింజను మించొద్దు. తర్వాత దళసరి పెనం మీద సన్నటి సెగన 20, 25 నిమిషాలు కదుపుతూ ఆరబెట్టాలి. చేతికి అంటకూడదు, నొక్కితే మాత్రం లోపల మెత్తగా ఉండాలి. ఎక్కువసేపు ఉంచితే గట్టిపడి నోట్లో విరుగుతుంది. అప్పుడు కుక్క మన మొహం చూడడం మానేసి నేల మీద నలుసులు ఏరుకుంటుంది.

ఇవి ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంటాయి. ఏ రోజుకారోజు వాడేంత చిన్న పొట్లాలుగా కట్టి పెట్టుకోవడం మేలు. వానాకాలంలో బయట పెడితే త్వరగా బూజు పడుతుంది. బూజు పట్టినవి మళ్లీ ఎండబెట్టడం ఆదా కాదు, పారేయాల్సిందే.

లివర్ మంచిదని దోసిలితో పెట్టకండి. అందులో ‘ఎ’ విటమిన్ చాలా ఎక్కువ, నెలల తరబడి మితిమీరితే ఎముకలు దెబ్బతింటాయి. చిరుతిండి ఏదైనా రోజువారీ కేలరీల్లో పదో వంతు దాటకూడదన్నది పశువైద్యుల మాట. 10 కిలోల ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 550 నుంచి 600 కేలరీలు కావాలనుకుంటే, ఉడికిన లివర్ 35 గ్రాముల దగ్గర ఆగాలి. అదీ రోజూ కాదు. రోజు మార్చి రోజు ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు వాడాలి. తూకం ఉడికిన వెంటనే వేసుకోండి, పెనం మీద ఆరాక తూస్తే నీరు పోయి లెక్క తప్పుతుంది. పెట్టిన మేరకు భోజనం తగ్గించడం మరువకండి.

శాకాహారుల ఇళ్లలో ఉడికించిన చిలగడదుంప, క్యారెట్, ఉప్పులేని పనీర్ పనికొస్తాయి. పాలు పడని కుక్కలకు పనీర్ వద్దు.

మనం తినగా మిగిలిన వేపుడు ముక్కలు కడిగి పెట్టడం మాత్రం ప్రమాదం. ఉల్లి, వెల్లుల్లి సారం కడిగితే పోదు, అది ఎర్ర రక్తకణాలను విరిచేస్తుంది. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలకు చేటు. చాక్లెట్ అసలే వద్దు. వేరుశనగ వెన్న కొంటే సీసా మీద జైలిటాల్ ఉందేమో చదవండి, ఆ తీపి పదార్థం కొద్దిగా కడుపులోకి వెళ్లినా కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది.

ముక్క ముందే చూపించి ‘కూర్చో’ అంటే అది లంచం. చేతిలో ఏమీ లేనప్పుడు కుక్క కూర్చోదు. జేబులోనో సంచిలోనో దాచి, చెప్పిన పని చేసిన ఒకటి రెండు సెకన్లలో ఇవ్వాలి. ఆలస్యమైతే అప్పటికి లేచి నిలబడిన కుక్క, లేచినందుకే ఇచ్చారనుకుంటుంది. పని బాగా వచ్చాక రెండు మూడుసార్లకొకటి చొప్పున తగ్గిస్తూ రావచ్చు. లివర్ కొత్తగా మొదలుపెట్టే రోజు నాలుగైదు ముక్కలతో ఆపి, మర్నాడు విరేచనం పలచబడకపోతేనే పెంచండి.

– ఒక పాఠకుడు, విజయవాడ