బాబును చూడకుండానే ఫైలు మూసేశారు, మంత్రి గారూ!

శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది మీకు నా ఐదో ఉత్తరం. మొదటి నాలుగింటికీ "సంబంధిత విభాగానికి పంపాం" అన్న జవాబే వచ్చింది. ఆ విభాగం మీ కిందే ఉందని తర్వాత తెలిసింది. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మా పక్కింటి బాబుకు నాలుగో నెల. చెవి మీద కమిలిన మచ్చ కనిపించింది. అడిగితే, దొర్లుకుంటూ మంచం మీద నుంచి పడ్డాడన్నారు. ఇంకా బోర్లా పడడమే రాని పిల్లాడండీ! మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. నాలుగో రోజు ఒకాయన వచ్చి, గుమ్మంలోనే నిలబడి పెద్దవాళ్లతో మాట్లాడారు. బాబు నిద్రపోతున్నాడన్నారు వాళ్లు. పాపం, నిద్ర చెడగొట్టడం ఎందుకనుకున్నారేమో, వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా నాకు మెసేజ్: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." నెల తిరగకుండానే బాబు చనిపోయాడు. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.

(వచ్చినాయన్ని తిట్టడం లేదు. ఆయన నెత్తిన ఎన్ని కేసులున్నాయో మీకే తెలియాలి.)

ఇల్లు శుభ్రంగా ఉందనీ, తల్లిదండ్రులు మర్యాదగా మాట్లాడారనీ రిపోర్టు రాశారట. బాగుంది. పాకడం కూడా రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ చిన్నదైనా సరే అనుమానించాల్సిందేనని పిల్లల డాక్టర్లు చెబుతారు. నడిచే పిల్లలకు మోకాళ్లకు, నుదుటికి దెబ్బలు తగులుతూనే ఉంటాయి. చెవి, మెడ, పొట్ట, వీపు అలా తగిలే చోట్లు కావు. ఈ నాలుగు ముక్కలు మీ సిబ్బందికి నేర్పడానికి ఒక పూట చాలదా?

లండన్‌లో 2000 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ చనిపోయింది. ఒంటి మీద 128 గాయాలు. ఆ పాపను కాపాడే అవకాశం కనీసం 12 సార్లు చేజారిందని 2003లో లార్డ్ లామింగ్ విచారణ తేల్చింది. ఆసుపత్రులూ పోలీసులూ సంక్షేమ సిబ్బందీ అందరూ చూసినవాళ్లే. అక్కడ పాప పోయాకైనా లెక్క తీశారు. మా బాబు లెక్క ఎవరు తీశారు? నాకు తెలిసినవి మూడు. మీ వాళ్లు నాలుగు రోజులు ఆగడం ఒకటి, చూడకుండా వెళ్లడం ఒకటి. మూడోది నాదే. పక్కింటి గొడవ మనకెందుకని వారం రోజులు ఫోన్ చేయలేదు. రాత్రుళ్లు అదే గుర్తొస్తుంది.

బిడ్డను కళ్లారా, ఒంటి మీద బట్ట తీసి చూడకుండా ఏ ఫిర్యాదూ మూయకూడదని ఒక్క ఆర్డర్ ఇవ్వండి. ఇలా పోయిన ప్రతి బిడ్డ ఫైలునూ డాక్టర్లు, పోలీసులు, మీవాళ్లు ఒకచోట కూర్చుని మళ్లీ తెరవాలి. కొట్టడం వల్ల పోయినవాళ్లవే కాదు, ఆకలికి, పట్టించుకోని జ్వరానికి పోయినవాళ్లవి కూడా. ముందు చూడమని చెప్పండి సార్, బిడ్డను చూడమని చెప్పండి.

అలాగే ఆ రిపోర్టు కాపీ నాకు ఇప్పించండి. "బాబును చూశాను" అని అందులో రాశారేమో చదవాలి.

ఇట్లు,
పక్కింటి మనిషి