పోస్టాఫీసు వేళలు కనబడేలా రాయండి

అయ్యా,

తిరుపతిలో చాలామంది పగలంతా కొండ మీదో, షాపుల్లోనో డ్యూటీలో ఉంటారు. పోస్ట్‌మ్యాన్ వచ్చేసరికి ఇంటికి తాళం. సంతకం కావాల్సిన స్పీడ్ పోస్టు కవరు మళ్లీ పోస్టాఫీసుకే పోతుంది. మామూలుగా 7 రోజులు ఉంచి, పంపినవాళ్లకే తిప్పి పంపేస్తారు. ఇంటర్వ్యూ లెటరైతే ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు. సాయంత్రం పరుగెత్తుకెళ్తే కౌంటర్ మూసి ఉంటుంది. మా పేట ఆఫీసు బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయి 9 అంకె ఒక్కటే మిగిలింది. అది పొద్దున తెరిచేదో, దేనికో ఆ వెంకన్నకే తెలియాలి! 13 అక్షరాల ట్రాకింగ్ నంబరుతో కవరు ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చు, సరే. కౌంటర్ ఎప్పుడు మూస్తారో అది చెప్పదుగా. బుకింగ్, డబ్బు లావాదేవీలు, బట్వాడా వేళలను తెలుగులో విడివిడిగా గేటు దగ్గరే రాయించాలని తపాలా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి