ఎయిర్ ప్యూరిఫైయర్ల డబ్బాల మీద వాయువుల లెక్కేదీ?

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి వాళ్లు నల్లగండ్లలో కొత్త ఫ్లాట్‌లో చేరారు. ప్లైవుడ్ కబోర్డు తలుపు తీస్తే చాలు, కళ్లు మండుతాయి. మనవరాలికి ఆయాసం ఉంది, అదే మా టెన్షన్. ప్యూరిఫైయర్ కొనడానికి వెళ్తే ‘హెపా ఉందండీ, వాసనలు కూడా పోతాయి’ అన్నారు షాపులో. ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో క్వాలిటీ కంట్రోల్ చేసి రిటైరైనదాన్ని, ఆ మాట నాకు మింగుడు పడలేదు.

హెపా అంటే సన్నటి ధూళిని ఆపే ఫిల్టర్, అది పట్టేది కణాలను. 0.3 మైక్రాన్ల ధూళిని 99.97 శాతం ఆపుతుంది, నిజమే. కానీ ప్లైవుడ్ జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు. అది హెపాలోంచి దర్జాగా దాటిపోతుంది. 2004లోనే క్యాన్సర్ కారకంగా తేల్చిన వాయువు ఇది. దాన్ని పట్టాల్సింది హెపా వెనకుండే కార్బన్ పొర. షాపులో ఆ పొర తీయించి లైటుకు ఎదురుగా పట్టి చూశాను. జల్లెడలా ఉంది, కార్బన్ రజను పైపైన అద్దారంతే. పెయింట్ల నుంచి వచ్చే టోలుయీన్ ఆవిరిని మామూలు కార్బన్ బాగానే పట్టుకుంటుంది. ఫార్మాల్డిహైడ్ అంత తేలిగ్గా చిక్కదు, దానికి పర్మాంగనేట్ లాంటి రసాయనం పట్టించిన ఫిల్టర్ కావాలి. అందుకే ఏ వాయువో చెప్పకుండా ‘వాయువులు తొలగిస్తుంది’ అంటే ఆ మాటకు విలువ లేదు.

ప్యూరిఫైయర్లకు చైనా పెట్టిన ప్రమాణంలో 30 ఘనపు మీటర్ల గదిలోకి ఫార్మాల్డిహైడ్ వదిలి, యంత్రం ఎంత వేగంగా తీసేస్తుందో కొలుస్తారు. అక్కడితో ఆగరు. ఆ వేగం సగానికి పడిపోయేలోపు ఫిల్టర్ ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో చూస్తారు. 2015 నాటి ప్రమాణం ప్రకారం 1500 మిల్లీగ్రాములు, ఆపైన పట్టుకుంటేనే అన్నిటికన్నా పై గ్రేడు. నా దృష్టిలో ఈ రెండో లెక్కే ముఖ్యం. కొత్త ఫిల్టర్ మొదటి రోజు ఎలాగూ పనిచేస్తుంది, నిండిపోయాక ఏమిటన్నదే ప్రశ్న. వేడెక్కితే కార్బన్ పట్టుకున్న దాంట్లో కొంత తిరిగి గదిలోకే వదులుతుంది కూడా.

నేను చూసిన డబ్బాలన్నిటి మీదా ఉన్నది ధూళి లెక్కే. ఏ వాయువుతో పరీక్షించారు, ఎంత గాఢతలో, ఫిల్టర్ ఎన్ని మిల్లీగ్రాముల వరకు పనిచేస్తుంది అన్నవి అచ్చు వేయడం మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ తప్పనిసరి చేయాలి. పరీక్ష కూడా మన వానాకాలపు తేమలో జరగాలి. గాలిలో తేమ పెరిగితే కార్బన్ పట్టు తగ్గుతుంది. 50 శాతం తేమలో వచ్చిన ఫలితం విశాఖ జూలైకి పనికిరాదు.

ప్రస్తుతానికి మా వాళ్లు కబోర్డులన్నీ తెరిచి, కిటికీలు తీసి ఫ్యాన్లు తిప్పుతున్నారు. పాపను మా ఇంట్లోనే ఉంచుకున్నాం.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ అనలిస్ట్, హైదరాబాద్