డిగ్రీలో రష్యన్‌కు ఒక తరగతి గది కావాలి: ఉన్నత విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డిగ్రీలో రష్యన్ భాషా సాహిత్యాలు చదివాను. ఇరవై ఏళ్లుగా విజయవాడలో మా ఇంట్లోనే ఆ భాష చెబుతున్నాను. ఇప్పుడు నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది వైద్యవిద్య కోసం రష్యా వెళ్లే పిల్లలే. ప్రయాణానికి నెల ముందు వస్తారు. 33 అక్షరాలు, అంకెలు, పలకరింపులు నేర్చుకుని విమానం ఎక్కుతారు.

అలా వెళ్లి నాలుగో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి కిందటి చలికాలంలో ఆసుపత్రి నుంచి ఫోను చేసింది. వార్డులో ఒక ముసలావిడ మోకాలు పట్టుకుని ‘నోయెత్, నోయెత్’ అంటోందట. అర్థం ఏమిటి మేడమ్ అని అడిగింది. ‘బలీత్’ అంటే నొప్పిగా ఉంది అని మాత్రమే నేను నేర్పగలిగాను. నోయెత్ అంటే సలుపుతోంది. కోలెత్ అంటే పొడుస్తోంది. లోమిత్ అంటే విరగ్గొట్టినట్టుంది. మన అమ్మమ్మలు ఏ బాధకు ఆ మాట వాడినట్టే అక్కడి బామ్మలూ వాడతారు. ఆ తేడా పట్టుకుంటేనే వైద్యుడికి రోగం జాడ దొరుకుతుంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. విదేశంలో వైద్యవిద్య ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలని, చదివిన సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనలు చెబుతున్నాయి. పాఠం ఇంగ్లీషులో వినవచ్చు. మంచం మీది మనిషి మాత్రం రష్యన్‌లోనే మూలుగుతుంది.

ఈ పిల్లలకు ఇంటర్‌లోనే రష్యన్ చెప్పాలంటే చెప్పేవాళ్లు కావాలి. వాళ్లు డిగ్రీ కోర్సుల నుంచే రావాలి. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో రష్యన్ ఉంది, కానీ ఆ ఒక్క చోటు మన అవసరానికి చాలదు. నేను చదివిన కళాశాలలో మా మేడమ్ పదవీ విరమణ చేశాక ఆ ఖాళీ నింపలేదు. విద్యార్థులు లేరు, పోస్టు ఎందుకన్నారు. చెప్పే మనిషి లేనిచోట ఎవరు చేరతారండీ?

మాట్లాడటం నేర్పితే చాలు, సాహిత్యం దండగ అని మీకు సలహా ఇచ్చేవారుంటారు. దయచేసి ఆ మాట వినకండి. మూడో ఏడాదిలో మేము రష్యన్ రచయిత చెహోవ్ 1886లో రాసిన ‘తస్కా’ కథను మూలంలో చదివాం. కొడుకు పోయిన బండివాడు, బండెక్కిన ప్రతివారికీ ఆ సంగతి చెప్పుకోబోతాడు. ఎవరూ వినరు. చివరికి తన గుర్రానికి చెప్పుకుంటాడు. ‘తస్కా’ అంటే దిగులా, బెంగా, వెలితా అని మేము ఆ రోజు గంట కొట్టినా లేవకుండా వాదించుకున్నాం. నేను ఇప్పటికీ దిగులు అనే అంటాను. ఆ కథ రాసినవాడు వైద్యుడు. పక్కవాడు చెప్పుకునేది చివరిదాకా వినడం నాకు నేర్పింది ఆ తరగతే.

పైగా ఈ భాష మన పిల్లలకు కొరుకుడు పడనిది కాదు. ‘నేను విద్యార్థిని’ అన్నప్పుడు మనకు క్రియ అక్కరలేదు, వాళ్లకూ అక్కరలేదు. నువ్వు, మీరు తేడా వాళ్లకూ ఉంది. రష్యన్‌లో విభక్తులు ఆరు. విభక్తి అంటే ఏమిటో మన పిల్లలకు కొత్తగా చెప్పాలా?

ఒకప్పుడు ఉప్పల లక్ష్మణరావు గారి వంటివారు మాస్కోలో కూర్చుని తెలుగులోకి అనువాదాలు చేశారు. 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు రష్యన్ రచన తెలుగులోకి రావాలంటే చాలావరకు ఇంగ్లీషు చుట్టూ తిరిగి రావలసిందే.

నేను అడిగేది పెద్దది కాదు. విజయవాడలోనో విశాఖలోనో ఒక్క ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రష్యన్ భాషా సాహిత్యాల కోర్సు తెరవండి. ఇద్దరు అధ్యాపకులను శాశ్వతంగా నియమించండి. మొదటి ఏడాది పదిమందే చేరినా మూసేయకండి.

మా మేడమ్ వెళ్లిపోతూ తన పుస్తకాలన్నీ నాకిచ్చారు. మాస్కోలో అచ్చయిన నిఘంటువులు, ఒత్తి పలకాల్సిన అక్షరాల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టిన పాఠ్యపుస్తకాలు రెండు బీరువాల నిండా ఉన్నాయి. ఆ తరగతి మొదలైన రోజున వాటిని నేనే ఆటోలో వేసుకుని తెచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక రష్యన్ ఉపాధ్యాయురాలు,
విజయవాడ