పెరడు ఇద్దరిది, పేరు ఒక్కరిదేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ల రైతుల పేజీ వచ్చినప్పుడల్లా చదువుత, అందుల ఎప్పుడూ ఎకరాల కొద్ది బత్తాయి తోటల ముచ్చటే ఉంటది. మాది మునుగోడు దిక్కు, మాకున్నది మా పుట్టింటి ఎనక పది గుంటల చెల్క. మా అసొంటోళ్ల గురించి కూడ రాయమని అడిగేటందుకే ఈ ఉత్తరం.

నేను, మా తమ్ముడు కలిసి పని పెట్టుకుందామనుకుంటున్నం. నన్ను ఊర్లెనే ఇచ్చిండ్రు కాబట్టి పుట్టిల్లు నాకు దగ్గర్నే, తమ్ముడు హైదరాబాద్ల డ్రైవర్ పని ఇడిసిపెట్టి వచ్చిండు, ట్రాలీ ఆటో ఉన్నది. సగం జాగల కడీలు పాతి పందిరేసి బీర, కాకర, ఆనిగెపుకాయ పెడతం, గట్ల పొంట మునగ, కరివేపాకు, ఒక మూలకు షేడ్ నెట్ కట్టి మిరప, టమాట నారు పోస్తం. ట్రేల కొబ్బరిపొట్టు నింపి గింజ పెడితే నెల రోజులకు అటిటుగ నారు చేతికొస్తది, మా దిక్కు రైతులు ఆ నారు కోసం ఎంతో దూరం పోతున్నరు.

ఇంట్ల తొక్కులు, పొడులు చేసే పని నాది. పుంటికూర కట్టలు అంగడికి తీస్కపోతే పొద్దూకేసరికి వాడిపోయి అడిగిన ధరకు ఇచ్చి రావాలె, అదే తొక్కు నూరి సీసాల పెడితే నెలల తరబడి ఉంటది. మునగాకు నీడకు ఎండబెడితే రంగు పోదు, పొడి మంచిగొస్తది. మా బోరుల ఫ్లోరైడ్ నీళ్లు, ఆ నీళ్లు తాగే మా ఊర్లె పెద్దమనుషుల నడుములు వంగిపోయినయి, అందుకే మొక్కలకు బోరు, కడుగుడుకు, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లే అని ముందే అనుకున్నం. ఆ బోరు నీళ్లకు డ్రిప్పు రంధ్రాలు తెల్లగ పేరుకొని మూసుకుపోతయి, పైపుతోనే కడతా అంటున్నడు తమ్ముడు.

ఇగ అసలు ముచ్చట. లోన్ కోసం ఒక ఆఫీసుకు పోతే ఇంటికి ఒక్కరికే ఇస్తరు, తమ్ముని పేరు పెట్టు, నీకెందుకమ్మా అన్నరు. చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం 2020ల పెట్టిన పీఎంఎఫ్ఎంఈ స్కీముల 35 శాతం సబ్సిడీ, ఎక్కువల ఎక్కువ 10 లక్షలు, మన చేతి పైసలు కనీసం 10 శాతం పెట్టాలె. అందుల కుటుంబానికి ఒక్కరే అన్నది నిజమే గాని, కుటుంబం అంటే తాను, భార్య లేదా భర్త, పిల్లలు అని రాసి ఉన్నది. తమ్మునికి పెళ్లయింది, నాకూ అయింది, మరి మేమిద్దరం ఒక్క కుటుంబం ఎట్లయితం? కలిసి పార్ట్‌నర్‌షిప్ రాసుకుంటమన్నా 1932 నుంచి దానికి చట్టం ఉండనే ఉన్నది.

ఊర్లె మాటలు ఇంకో తీరు, ఆడపిల్లకు పుట్టింటి పెరట్ల వాటా ఏంది అంటున్నరు. తాతల ఆస్తిల బిడ్డకు సమాన వాటా అని ఉమ్మడి రాష్ట్రంల 1986లనే చట్టం చేసిండ్రు, దేశమంతటికి 2005ల వచ్చింది. ఇది నేను కొట్లాడి అడిగింది కూడ కాదు, మా తమ్ముడే అన్నడు, అక్కా ఇద్దరి పేర్లు రాద్దాం, రేపు మన నడుమ మాట రావొద్దని. ఆ మాటకు నాకు మస్తు ధైర్యం వచ్చింది.

అందుకే మీరు జిల్లా పేజీల ఇవన్నీ ఇవరంగ రాయాలె, ఏ కాయితాలు కావాలె, ఎవరిని కలవాలె, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఎట్ల చేసుకోవాలె, సీసా మీద లేబుల్ల ఏమేం అచ్చేయాలె. మా మహిళా సంఘంల ఇట్ల చేద్దామనుకునేటోళ్లు చాలమంది ఉన్నరు, ఎవరినడగాలెనో తెల్వక ఆగిపోతున్నరు. అధికారులు కూడ మండలానికి ఒక దినం పెట్టి అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు కలిసొస్తే ఇద్దరి పేర్లు రాసుకోవాలె. వానకాలం నారు పొయ్యాలంటే ఎండకాలంలనే షేడ్ నెట్ కట్టుకోవాలె, జర జల్ది రాయండి.

ఇట్లు,
ఒక అక్క,
మునుగోడు మండలం, నల్గొండ జిల్లా