ట్యాంకు కట్టించిన దాతకు దండం, ఇక కడిగేవాళ్లు కావాలి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, సెలవుల జాబితా వెనక పేజీలో వేశాం, చూసుకోండి. ఈ నెల ఉత్తరం మొత్తం నీళ్ల గురించే.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకు ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేముంది? మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును గుర్తించి వైద్యులు మొదటిసారి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గురించి. పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. రాళ్లలో ఉన్న ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి కరిగి వస్తుంది. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం.

"మేం కాచి చల్లార్చే ఇస్తున్నాం కదా మేడం" అని చాలామంది తల్లులు నాతో అంటుంటారు. మంచి అలవాటే, మానొద్దు. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో దాని మోతాదు ఇంకాస్త పెరుగుతుంది కూడా. ఇంకో మాట. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు కనిపిస్తే సరిగ్గా తోముకోవడం లేదని తిట్టకండి. పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే మచ్చలు అవి. ఎంత తోమినా పోవు.

నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే దారి లేక కాదు మనం ఇబ్బంది పడింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నల్గొండ పద్ధతి' అని ఒకటి తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కొలత ప్రకారం నీళ్లలో కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లు వాడుకోవచ్చు. కరెంటు కూడా పెద్దగా అక్కర్లేని చౌక పద్ధతి. కానీ రోజూ ఒక మనిషి నిలబడి పాళ్లు చూసి కలపాలి, మడ్డి తీసి దూరంగా పారబోయాలి. ఆ మనిషి లేకనే చాలా ఊళ్లలో ఆ తొట్లు మూలపడ్డాయి. ఇప్పుడు ఆర్వో ప్లాంట్ల దగ్గరా అదే తంతు చూస్తున్నాం. ప్రారంభోత్సవం నాడు రిబ్బను, కొబ్బరికాయ, ఫ్లెక్సీ, దాత పేరుతో శిలాఫలకం. మెంబ్రేన్, అంటే నీళ్లు వడకట్టే పొర మార్చాల్సిన రోజున మాత్రం తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. దాతలను తప్పుబట్టడం లేదు, వాళ్లు చేయాల్సింది వాళ్లు చేశారు.

పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వాలని 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ఈ లోటు తీర్చే ఏర్పాటు ఒకటి ఉంది. ప్రతి ఊళ్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఊరికి ఐదుగురు మహిళలకు కిట్టుతో నీళ్లు పరీక్షించడం నేర్పాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? ఈ ఉత్తరం చదివాక పంచాయతీ కార్యదర్శిని ఒకసారి అడగండి. పేర్లు వెంటనే చెప్పగలిగితే సంతోషం. వెతికి చెప్తానంటే, మీరే ఆ ఐదుగురిలో చేరొచ్చేమో ఆలోచించండి.

మన బడిలో శనివారం మధ్యాహ్నాలు సైన్స్ మేడం, ఎకో క్లబ్ పిల్లలు, పొదుపు సంఘం నుంచి వచ్చే ఇద్దరు తల్లులు కలిసి నీళ్లు పరీక్షిస్తున్నారు. పిల్లలకు బాగా నచ్చింది రంగుల వ్యవహారం. క్లోరిన్ పరీక్షలో చుక్కలు వేయగానే నీళ్లు లేత పసుపుకు తిరిగితే మంచిది, క్లోరిన్ మిగిలి ఉందని అర్థం. కుళాయి చివర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ఫ్లోరైడ్ పరీక్షలో ఇదంతా తిరగబడుతుంది. గులాబీ రంగు అలాగే ఉంటే మంచిది, పసుపు వైపు జరిగితే ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నట్టు. ఆరో తరగతి వాళ్లు దీని మీద పందేలు కూడా కాస్తున్నారట. రసాయనాల చుక్కలు మాత్రం మేడమే గ్లవ్స్ వేసుకుని వేస్తారు, మీకు ఆ టెన్షన్ వద్దు.

మూడో పరీక్ష చిన్న సీసాలో చేసేది. నీళ్లు నింపి మూత పెట్టి ఒకటి రెండు రోజులు పక్కన పెడతారు. నల్లగా మారితే మురుగు కలిసినట్టు అనుమానించాలి, ఆ నీళ్లను ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌కు పంపాలి. మొన్న ట్యాంకు నీళ్ల సీసా తెల్లగానే ఉండి, వంటగది పక్క కుళాయి సీసా నల్లబడింది. ఎనిమిదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నగారు ప్లంబర్, ఆయన వచ్చి పైపు వెంబడి తవ్వి చూస్తే మురుక్కాలువ దాటే చోట జాయింటు ఊడి ఉంది. నీళ్లు వదలని వేళ పైపులో ఒత్తిడి పడిపోతే అలాంటి సందులోంచి మురుగు లోపలికి లాగుతుందని ఆయనే పిల్లలకు వివరించారు. ఇళ్లలో కుళాయికి నేరుగా మోటారు బిగించుకునేవాళ్లు ఈ మాట కాస్త పట్టించుకోవాలి. మీ మోటారు లాగేది నీళ్లొక్కటే అనుకోకండి.

బ్లీచింగ్ పౌడర్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దాన్ని గుప్పిట్లతో కొలుస్తారు. తేటగా ఉన్న నీళ్లయితే 1,000 లీటర్లకు మంచి సరుకు 2.5 గ్రాములు చాలు. ముందు బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దలా కలపాలి, తర్వాత పలచన చేయాలి. పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయాలి, అడుగున మిగిలింది పారబోయాలి. గంట ఆగాకే కుళాయి తిప్పాలి. మూట విప్పి వదిలేసిన పౌడర్ నెలలు గడిచేకొద్దీ సత్తువ పోగొట్టుకుంటుంది. వాసన రావడం లేదంటే అది వేసినా వేయకపోయినా ఒకటే.

మేం అడుగుతున్నది చందా కాదు. బడి ట్యాంకు, వీధి ట్యాంకు నెలకోసారి కడగడానికి, వారం వారం పరీక్ష చేసి పుస్తకంలో రాయడానికి, వాల్వులు, పైపులు చూసుకోవడానికి మనుషులు కావాలి. ఒక్కొక్కరు నెలకు ఒక పూట ఇస్తే సరిపోతుంది. కరెంటు పని, ప్లంబింగ్ తెలిసినవాళ్లు ఉంటే మరీ మంచిది. చదువు రాకపోయినా ఇబ్బంది లేదు, రంగులు చూసి చెప్పగలిగితే పక్కన పిల్లలు రాసిపెడతారు. హైదరాబాద్, బెంగళూరులో ఉన్న మన పాత విద్యార్థులు ఏం చేయమంటారని ఫోన్లు చేస్తున్నారు. కొత్త ప్లాంటు వద్దు, ఉన్నదానికి ఏటా ఫిల్టర్లు, మెంబ్రేన్ ఖర్చు చూడండి అని చెప్తున్నాను. శిలాఫలకం మీద పేరు వేయలేను గానీ, ఈ వార్తాలేఖలో తప్పకుండా వేస్తాను.

పిల్లల్ని ట్యాంకు ఎక్కనివ్వం, ఈ విషయంలో ఎవరు అడిగినా ఒప్పుకోను. పెద్దవాళ్లయినా ఒక్కరే ట్యాంకులోకి దిగకూడదు, పైన ఇంకొకరు నిలబడాలి.

పేరు ఇచ్చేవాళ్లు ఆఫీసు రూములో సైన్స్ మేడం దగ్గరున్న పుస్తకంలో రాయండి. వచ్చే ఆదివారం పొద్దున్నే ఏడు గంటలకు మొదటిసారి ట్యాంకు కడుగుతాం, పరీక్షలు ఎలా చేయాలో కూడా అప్పుడే చూపిస్తాం. టిఫిన్ బడిలోనే. పాత బట్టలు వేసుకుని రండి, బ్లీచింగ్ పడిందంటే రంగు వెలిసిపోతుంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు