హాలు తాళం చేతికొచ్చిన ఏడాది: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన బైలాలో ఉంది, అందుకే రాస్తున్నాను. అంతకన్నా ముఖ్యం, ఈ ఏడాది ఎండనక వాననక తిరిగినవాళ్ళ కష్టం కాగితం మీద ఉండాలి. పోయినేడాది నివేదిక నిండా "కోరతాం", "ప్రయత్నిస్తాం" అనే మాటలే ఉన్నాయని కొందరు అడిగారు, వాళ్ళు అడిగింది న్యాయమే. ఈసారి జరిగిన పని ఉంది, దాంతోనే మొదలుపెడతాను.

కమ్యూనిటీ హాలు సంగతి మీకు కొత్త కాదు. ఇన్నేళ్ళుగా ఎస్సీ కాలనీ నుంచి ఎవరు వెళ్ళి అడిగినా "ఆ తేదీ బుక్ అయిపోయింది" అనే జవాబే. మొహం మీద ఎవరూ కులం పేరెత్తలేదు, ఎత్తరు కూడా. కాలనీ అక్క ఒకామె తన కూతురి ఓణీల ఫంక్షన్ కోసం అడిగితే అదే మాట చెప్పారు. ఆ రోజు సాయంత్రం మన సంయుక్త కార్యదర్శి వెళ్ళి అదే తేదీకి తన పేరు మీద అడిగితే "ఖాళీయే సార్, అడ్వాన్స్ కట్టండి" అన్నారు. ఆయన అడ్వాన్స్ కట్టకుండా వెనక్కొచ్చి నాకు ఫోన్ చేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి వెళ్ళి హాలు గోడకున్న శిలాఫలకం చూశాను. రంగు పెచ్చులూడి సగం అక్షరాలు కనబడలేదు. తడిగుడ్డతో తుడిచి ఫోటో తీస్తే అందులో స్పష్టంగా ఉంది, అది పురపాలక నిధులతో కట్టిన హాలు. మాకు కావలసింది ఆ ఒక్క లైనే. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో ఏముందంటే, ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు వాడుకునే స్థలాలు, వీటి దగ్గర కులం, మతం, జాతి, లింగం, పుట్టినచోటు చూసి ఎవరినీ ఆపకూడదు. అంటరానితనాన్ని రద్దు చేసింది 17వ అధికరణం. 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం, 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాని వెనకే ఉన్నాయి. మన రిటైర్డ్ టీచర్ గారు శిలాఫలకం ఫోటో, ఒకే తేదీకి వచ్చిన రెండు జవాబులు, ఈ అధికరణం, మూడూ కలిపి ఒకటిన్నర పేజీ అర్జీ రాశారు. కోపం ఒక్క ముక్క కూడా లేదందులో. నేనైతే అలా రాయలేకపోయేవాణ్ణి.

ఆ అర్జీ పట్టుకుని సోమవారం గ్రీవెన్స్‌కు, అంటే అధికారులు అర్జీలు తీసుకునే రోజుకు, మూడుసార్లు వెళ్ళాం. మొదటిసారి రసీదు ఇచ్చి పంపారు. రెండోసారి వెళ్తే "మా పరిధి కాదు, పక్క సెక్షన్" అన్నారు. మూడోసారికి ఆ పక్క సెక్షన్ అధికారి బదిలీ అయిపోయారు, కొత్తాయనకు మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. పేర్లు రాయను, ఆ ఆఫీసు ఏదో కూడా రాయను. కానీ వివక్ష గురించి వచ్చిన అర్జీని వీధిలైటు అర్జీలాగా టేబుల్ మార్చుకుంటూ పోవడం తప్పు, ఆ మాట రాయకపోతే నేను మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. ఆ కొత్తాయన మాత్రం అర్జీ మొత్తం చదివి, మధ్యాహ్నమే హాలు దగ్గరికొచ్చి రిజిస్టర్ తెప్పించుకుని చూశారు. ఆ అక్క అడిగిన తేదీ పేజీ ఖాళీగా ఉంది. వారంలోపు హాలు బయట బోర్డు పెట్టారు. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, ముందు అడిగినవాళ్ళకే ముందు, ప్రతి బుకింగ్‌కూ రసీదు, రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు. ఇంతే రాసుంది. ఈ నాలుగు మాటల కోసం మనకు ఐదు నెలలు పట్టింది.

మాఘమాసంలో ఫంక్షన్ జరిగింది. ఆ అక్క పారిశుద్ధ్య కార్మికురాలు. ఆ హాలు ముందు రోడ్డు రోజూ చిమ్మేది ఆమే. పదకొండేళ్ళుగా గేటు దాకా చిమ్మి అక్కణ్ణుంచి వెనక్కి తిరిగిన మనిషి, ఆ రోజు పట్టుచీర కట్టుకుని గడప దగ్గర కాసేపు నిలబడిపోయింది. చెప్పులు మెట్ల కింద, అందరి చెప్పులకూ దూరంగా విడిచింది. మా ఆవిడ వెళ్ళి ఆ చెప్పులు తెచ్చి అందరివాటి పక్కన పెట్టి, "రాక్కా, కూతురు పీటల మీద కూర్చుని చూస్తా ఉంది" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. రాగిసంగటి, నాటుకోడి పులుసు, పప్పు, ఓళిగలు. రెండు వీధులవాళ్ళూ ఒకే బంతిలో కూర్చున్నారు. కొందరు రాలేదు, ఎవరు రాలేదో నాకు తెలుసు, వాళ్ళతో మాట్లాడటం మానను. మరుసటి రోజు తెల్లవారుజామున ఐదున్నరకు, మస్టర్‌కు, అంటే పనిలో హాజరు వేయించుకోవడానికి, వెళ్ళేముందు, ఆ అక్క మా ఇంటి తలుపు తట్టింది. హాలు తాళం చెవి, డిపాజిట్ రసీదు రెండూ నా చేతిలో పెట్టి, "నా పేరు సరిగ్గానే రాసినారా సార్?" అని అడిగింది. సరిగ్గానే రాశారు. ఈ ఏడాది మన సంఘం చేసింది ఇదొక్కటే అయినా నాకు తృప్తే.

మిగతా పనులు. పారిశుద్ధ్య కార్మికులకు చట్టం మీద ఒక అవగాహన సమావేశం పెట్టాం. పాకీపని నిషేధ చట్టం 2013లో వచ్చిందనీ, మనుషుల్ని మ్యాన్‌హోల్‌లోకి దింపి ప్రాణం పోతే చెల్లించాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచిందనీ వచ్చినవాళ్ళలో ఒక్కరికి కూడా తెలీదు. 14566 నంబరు, అంటే ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదుల కోసం ఉన్న జాతీయ హెల్ప్‌లైన్, అందరి ఫోన్లలో సేవ్ చేయించాం. వికలాంగులకు ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపుకు తొమ్మిదిమందిని ఆటోల్లో తీసుకెళ్ళి తీసుకొచ్చాం. వార్డు సచివాలయం మెట్ల పక్కన ర్యాంపు కోసం ఇచ్చిన అర్జీ ఇంకా పెండింగ్.

ఇక ఇళ్ళ అద్దె సంగతి. ఇది హాలు కన్నా కష్టం. తిరుపతికి నర్సింగ్ చదవడానికి, ఆసుపత్రుల్లో పని చేయడానికి ఎక్కడెక్కడి పిల్లలో వస్తున్నారు. "ఏం వాళ్ళమ్మా మీరు?" అనే ప్రశ్న దగ్గర సగంమంది వెనక్కి తిరుగుతున్నారు. మన దగ్గరికొచ్చిన ఒక అమ్మాయి ఏడు ఇళ్ళు తిరిగింది, ఎనిమిదో ఇల్లు మన కోశాధికారి గారిది. సొంత ఇంటికి కులం చూసి అద్దెకివ్వను అనే యజమానిని నేరుగా పట్టుకునే ప్రత్యేక చట్టం మనకు లేదు, లాయరు గారు ఆ మాట స్పష్టంగా చెప్పారు.

సంక్రాంతికి వచ్చిన మన సభ్యుల అబ్బాయి ఒకరు సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి సంగతి చెప్పమంటే రెండు గంటలు చెప్పాడు. 2023 ఫిబ్రవరి 21న ఆ నగర కౌన్సిల్ వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని కూడా చేర్చింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. సముద్రాలు దాటి వెళ్ళినా మనవాళ్ళు కులాన్ని వదిలిపెట్టలేదంటే నాకు సిగ్గేసింది. అక్కడ నగరపాలనలోనే పౌర హక్కుల ఆఫీసు ఒకటుంది. ఉద్యోగం, అద్దె ఇల్లు, హోటలు, దుకాణం, ఎక్కడ వివక్ష జరిగినా ఫిర్యాదు అక్కడ తీసుకుని విచారిస్తారు. అద్దె ఇళ్ళ విషయంలో అయితే ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, అద్దె అడిగే మనుషుల్లాగా వాళ్ళే కొందరిని పంపి ఎవరికి ఏం జవాబు చెబుతున్నారో పోల్చి చూస్తారట. మన సంయుక్త కార్యదర్శి హాలు దగ్గర చేసింది సరిగ్గా అదే, ఆ అబ్బాయి చెప్పేదాకా దానికొక పద్ధతి ఉందని మాకు తెలీదు. ఇంకొకటి కూడా చెప్పాడు. ఏ పథకమైనా, ఏ బడ్జెట్ అయినా మొదలుపెట్టే ముందు "దీనివల్ల మేలు ఎవరికి, భారం ఎవరి మీద" అని శాఖలు రాసి చూసుకోవడానికి అక్కడ ఒక నమూనా ఉందట.

మన నగరపాలక సంస్థను మనం అడగబోయేది కూడా ఇదే. వివక్ష ఫిర్యాదుకు ఒకే టేబుల్, దానికి ఒక పేరున్న అధికారి, ఇన్ని రోజుల్లో జవాబు అనే గడువు ఉండాలి. వార్డు పనుల జాబితా వేసేటప్పుడు కాలువ పూడిక ఏ వీధిలో ముందు, ఏ వీధిలో చివర అన్నది బయట పెట్టాలి. మన ఎస్సీ కాలనీ వీధి ఎప్పుడూ చివరే ఎందుకు వస్తుందో అప్పుడు అందరికీ కనబడుతుంది. ముసాయిదా సిద్ధంగా ఉంది, సమావేశంలో చదువుతాను.

జమా ఖర్చులు కోశాధికారి గారు రాసి, ఆడిటర్ చూసి సంతకం పెట్టారు, కాపీ నోటీసు బోర్డులో ఉంది. లోటు లేదు, మిగులు కొంచెమే. చందా బాకీ ఉన్నవాళ్ళు దయచేసి కట్టండి.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. వాలంటీర్ల గ్రూపులో నలభై రెండుమంది ఉన్నారు. సదరం క్యాంపు రోజు పొద్దున "వస్తాం" అన్నవాళ్ళు పద్నాలుగుమంది, వచ్చింది ముగ్గురు. నడవలేని పెద్దాయన్ని ఆటోలోకి ఎక్కించడానికి నేనూ ఆటో డ్రైవరూ ఇద్దరమే ఉన్నాం. రాలేకపోతే ముందు రోజు చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అర్జీ రాసిన టీచర్ గారికి, ఫీజు తీసుకోని లాయరు గారికి, సెక్షన్లు వెతికిపెట్టిన లా చదివే పిల్లలకు, ఎన్ని కాపీలు తీసినా డబ్బులు పుచ్చుకోని జిరాక్స్ షాపు అన్నకు, షామియానా సగం రేటుకే వేసిన అన్నకు, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను సమావేశానికి తెచ్చిన మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీ అక్కలకు, హాలు దగ్గరికి స్వయంగా వచ్చిన ఆ అధికారికి, వంట చేసిన కాలనీ పెద్దమ్మలకు పేరుపేరునా ధన్యవాదాలు.

కులం అడగకుండా ఇల్లు అద్దెకిస్తామని ఇప్పటికి పదకొండుమంది యజమానులు పేర్లిచ్చారు. సమావేశానికి వచ్చేటప్పుడు మీ వీధి నుంచి కనీసం ఒక్క పేరు, ఫోన్ నంబరుతో సహా రాసి తీసుకురండి. జూన్‌లో పిల్లల అడ్మిషన్లు మొదలవుతాయి.

ఇట్లు,
కార్యదర్శి, తిరుపతి